కాయాకి వచ్చిన తెలుగు

వరలక్ష్మమ్మ తాత టెక్కలి దగ్గరి పల్లె నుంచి ఓడెక్కి మలయా కొబ్బరితోటల్లో కూలికి వచ్చినవాడు. తండ్రి అక్కణ్ణుంచి సింగపూరు చేరి రేవులో బస్తాలు మోశాడు. ఆమె సింహాన్ని సాకింది. చెబితే వేళాకోళమనుకుంటారని ఎవరికీ చెప్పేది కాదు. చోవా చూ కాంగ్‌లో వాళ్ల బ్లాకు లిఫ్టు దగ్గర ఎవరైనా "ఏం పని ఆంటీ?" అనడిగితే "జూలో" అని ఊరుకునేది. టిక్కెట్లు చింపే పనేమోననుకుని వాళ్లూ ఊరుకునేవారు.

ఇరవై తొమ్మిదో ఏట పనిలో చేరింది. మొదట్లో జంతువుల వంటశాలలో బొప్పాయిలూ చిలగడదుంపలూ తరిగి బకెట్లలో సర్దేది. తర్వాత మాంసం కొట్టే బల్ల దగ్గర వేశారు. చేతులు సన్నమే అయినా కత్తి మీద పట్టు గట్టిది. ఆ మాంసం బకెట్టు పట్టుకుని రోజూ పెద్ద పిల్లుల బోన్ల దాకా నడిచీ నడిచీ, చివరికి అక్కడే ఉండిపోయింది. ఆమెకి నలభై అయిదేళ్లప్పుడు కాయా వచ్చాడు.

వేరే దేశపు జూ నుంచి చెక్కపెట్టెలో వచ్చిన రెండేళ్ల మగసింహం. పేరు పెట్టమని బడిపిల్లల్ని అడిగితే, రొట్టె మీద రాసుకునే కొబ్బరి జాము రంగులో ఉన్నాడని 'కాయా' అన్నారు. ఆ పేరు విని ఆమె మొగుడు యర్రయ్య పడీపడీ నవ్వాడు. "ఎంత ముదిరినా కాయేనా? పండడన్నమాట" అన్నాడు. యర్రయ్య కూడా తోటల నుంచి వచ్చిన తెలుగు కుటుంబంలోవాడే. రేవులో క్రేను నడిపి రిటైరయ్యాడు. వాళ్లింట్లో తెలుగూ తమిళమూ మలయూ ఒకే గిన్నెలో కలిసిన కూరలా ఉండేవి.

అందరూ సింహాన్ని 'అది' అనేవారు. వరలక్ష్మమ్మ ఏనాడూ అలా అనలేదు. 'వాడు' అనేది.

కాయాకి ఆరేళ్లొచ్చాక జంతువులకి శిక్షణ ఇచ్చే నిపుణుడొకాయన వచ్చాడు. మత్తుమందు ఇవ్వకుండా సింహానికి సూది వెయ్యాలన్నా, రక్తం తియ్యాలన్నా అది తనంతట తానే ఇనప వల దగ్గరికొచ్చి నిలబడాలి. అందుకు రోజూ నాలుగు మాటలు నేర్పాలి. మాట విన్న క్షణంలో ఈల వెయ్యాలి, వెంటనే మాంసం ముక్క అందించాలి. "ఇంగ్లీషు మాటలు వద్దు. చూడవచ్చినవాళ్లు పొద్దస్తమానం కమ్ కమ్ అని అరుస్తుంటారు. వాళ్ల నోట రాని మాటలు వెతుక్కో" అన్నాడాయన.

వరలక్ష్మమ్మ మలయూ వద్దనుకుంది, తమిళమూ వద్దనుకుంది. ఈ రెండూ ఇక్కడ అందరి నోటా ఉండేవే. మిగిలింది తన ఇంటి మాట.

ఇటు. ఆను. తోక. చాలు.

'ఇటు' అంటే వల దగ్గరికి రావాలి. 'ఆను' అంటే పక్క డొక్కని వలకి ఆనించి కదలకుండా నిలబడాలి. 'తోక' అంటే కింది సందులోంచి తోక బయటికి వెయ్యాలి. 'చాలు' అంటే ఆ పూటకి అయిపోయింది, ఇక వెళ్లొచ్చు. మొదటి మాట పట్టుబడడానికి నెల పట్టింది. నాలుగూ వచ్చేసరికి ఏడాది దాటింది. కూతురు సరయుకి తెలుగులో ఏం చెప్పినా ఇంగ్లీషులోనే బదులొచ్చేది. "సింహానికొచ్చిన తెలుగు నీ కూతురికి రాలేదే" అని యర్రయ్య ఆటపట్టించేవాడు. తన తల్లి పోయాక వరలక్ష్మమ్మతో అచ్చంగా తెలుగులోనే వ్యవహారం నడిపింది, నిజానికి, ఆ సింహం ఒక్కటే.

ఏళ్లు ఎలా గడిచాయో తెలియలేదు. పదహారో ఏట కాయా నడుము పట్టేసింది. బండ మీదికి ఒక్క ఉదుటున ఎక్కేవాడు కాస్తా ముందుకాళ్లు వేసి ఆలోచించుకునేవాడు. చెక్కలతో వాలుగా దారి వేయించింది. కోరపళ్లు ఒకటి విరిగి, ఒకటి ఊడాక, మాంసాన్ని గుప్పెడంత ముక్కలు చేసింది. తర్వాత నిమ్మకాయంత. నొప్పుల మాత్రలు కోడి కార్జంలో దూర్చి పెట్టేది. మెడ మీది జూలు పలచబడి, చెవుల వెనక చర్మం కనిపించసాగింది. పద్దెనిమిది దాటాక మూత్రపిండాలు దెబ్బతిన్నాయని పశువైద్యురాలు డాక్టర్ క్వెక్ చెప్పింది. తిన్నది ఒంటికి పట్టడం మానేసింది. బకెట్టు ఖాళీ అవుతూనే ఉండేది, ఎముకలు పైకి తేలుతూనే ఉండేవి.

వరలక్ష్మమ్మకీ అరవై మూడొచ్చాయి. మోకాళ్లు వాచేవి. అయినా తెల్లారకముందే బస్సెక్కేది.

ఒక ఆదివారం పదింటి వేళ ఆమె అద్దం ముందున్న దారిలో ఆకులు ఊడుస్తోంది. కాయా బండ మీద పడుకుని ఉన్నాడు. ఊళ్లోనే సెంగ్‌కాంగ్ వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబం ఒకటి అక్కడ ఆగింది. నవనీత్ అనే కుర్రాడు, అతని తల్లి హైమావతి, ఆమె చెయ్యి విడిపించుకుని పానీయాల మెషీను వైపు పరుగెత్తుతున్న మనవడు లోహిత్.

"ఇటు రారా కన్నా. ఇటు. అటు కాదు, ఇటూ" అని హైమావతి మనవణ్ణి పిలిచింది.

అద్దానికి పైన అంతా ఆరుబయలే. మాట లోపలికి వెళ్లింది.

కాయా తలెత్తాడు. వరలక్ష్మమ్మ చీపురు ఆగిపోయింది. వాడు ముందుకాళ్ల మీద లేచాడు. వెనకభాగం లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. చెక్కల మీదుగా కుడికాలు ఈడ్చుకుంటూ, దారిలో ఒకసారి కూలబడి, మళ్లీ లేచి, అద్దం దాకా వచ్చాడు. వచ్చి, ఆ తర్వాత వచ్చే మాట కోసం కూడా చూడకుండా, అలవాటుకొద్దీ డొక్కని అద్దానికి ఆనించి నిలబడ్డాడు. పక్కటెముకలన్నీ వేలు పెట్టి లెక్కపెట్టేలా అద్దానికి అతుక్కున్నాయి. ముక్క కోసం నోరు కొద్దిగా తెరిచి ఎదురుచూస్తున్నాడు.

నవనీత్ ఫోను తీశాడు. "అమ్మా, చూడు. ఎముకలగూడు. నిలబడే ఓపిక లేక అద్దానికి పడిపోతోంది. ఇంతింత డబ్బు పోసి టిక్కెట్లు కొంటున్నాం, దీనికి తిండి పెట్టట్లేదు." ఫోను పక్కకి తిప్పాడు. "అదిగో ఆ తమిళావిడ. దీని మాంసం వీళ్లే ఇంటికి పట్టుకుపోతారేమో."

ప్రతి మాటా వరలక్ష్మమ్మకి తెలిసింది. అడుగు దూరంలో ఉంది. చూడవచ్చినవాళ్లతో వాదించకూడదని జూలో నియమం ఉంది, కానీ ఆమె ఊరుకున్నది అందుకు కాదు. ముక్క కోసం వాడు తెరిచిన నోరే కనబడుతోంది. సింహం వైపు తిరిగి మెల్లగా "చాలు" అంది. ముక్క అందలేదు కనుక కాయా కదల్లేదు. ఆమె చీపురు గోడకి ఆనించి, చుట్టూ తిరిగి వెనక గేటుకి చేరేసరికి, వాడు ఉన్నచోటే కూర్చుండిపోయాడు.

ఆ వీడియో నలభై సెకన్లదే. మర్నాటికి వేలమంది చూశారు. ఊళ్లోనే బూన్ లే వైపు ఉండే సరయు ఆఫీసు నుంచి, తన సింగపూరు యాస ఇంగ్లీషులో, ఫోన్ చేసింది. "అమ్మా, దిస్ ఈజ్ యూ ఆర్ నాట్? ఎవ్రీబడీ షేరింగ్ లా."

"నేనే."

"వాట్ ఈజ్ హీ సేయింగ్? హిజ్ తెలుగు టూ ఫాస్ట్. ఐ డోంట్ అండర్‌స్టాండ్."

వరలక్ష్మమ్మ "సింగం సిక్కిపోనాదంటన్నాడు" అంది. అంతకన్నా చెప్పలేదు. ఆ రాత్రి యర్రయ్య మాత్రం మొత్తం విని, ఫోను బోర్లించి పెట్టి, ఆమె పళ్లెంలో ఇంకో గరిటె పులుసు వేశాడు.

'ఈ సింహం వయసు మళ్లినది, వైద్యం జరుగుతోంది' అని అద్దం పక్కన బోర్డు పెట్టారు. చదివినవాళ్లు తక్కువ. గుంపులు పెరిగాయి. ఆమె కనబడితే ఫోన్లు లేచేవి. ఒకరోజు ఎవరో దయగలవాళ్లే చికెన్ రైస్ పొట్లాం అద్దం మీదుగా లోపలికి విసిరారు. కాగితంతో సహా వాడు నోట పెట్టుకోబోతుంటే ఆమె గేటు గొళ్లెం మోగించి దృష్టి మళ్లించింది. ఆ మధ్యాహ్నమే సెక్షన్ పెద్ద వచ్చి, ఇక కాయాని బయటికి వదలొద్దన్నాడు. అతని మాటలో తప్పు లేదు. రేపు ఎవరైనా ఇంకేదో విసిరితే?

వెనక బోను శుభ్రమైనదే, చిన్న పెరడు కూడా ఉంది. ఎండ మాత్రం ఒక్క గంటే. పద్దెనిమిదేళ్లు రోజూ వెళ్లిన తలుపు ముందు కాయా పొద్దున్నే వచ్చి నిలబడేవాడు. అవతల పిల్లల కేకలు వినబడేవి. చెవులు అటు తిప్పి, ఎంతసేపు నిలబడగలిగితే అంతసేపు నిలబడి, అక్కడే పడుకునేవాడు. మొదటివారం ఆమె కడగడానికి బకెట్టు తెచ్చిన ప్రతిసారీ తలుపు వంకా ఆమె వంకా చూసేవాడు. తర్వాత చూడడం మానేశాడు. తిండి సగానికి పడిపోయింది.

వైద్యం ఎలా జరుగుతోందో వచ్చి చూసుకోమని జూవాళ్లు నవనీత్‌కి ఉత్తరం రాశారు. అతను తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. లోపలికి తీసుకెళ్లే పని వరలక్ష్మమ్మకే పడింది.

"రండి. ఆ పసుప్పచ్చ గీత దాటకండి" అంది తెలుగులో.

నవనీత్ అడుగు ఆగిపోయింది. "మీరు... తెలుగువాళ్లా ఆంటీ?"

"మా తాతది టెక్కలి."

"ఆ రోజు నేనన్నది—"

"ఇన్నాను బాబూ."

అతని మొహం నల్లబడింది. సారీ అన్నాడు. మళ్లీ అన్నాడు. ఆమె మందుల పట్టీ చూపించింది, నిమ్మకాయంత ముక్కలు చూపించింది. "తింటాడు. పట్టదు. మా అత్తకీ అలాగే అయ్యింది, పోయేముందు. మడిసికైనా అంతే కదా."

తర్వాత వల ముందు పీట వేసుకుని కూర్చుని, "ఇటు" అంది.

మూల నుంచి కాయా లేచి వచ్చాడు.

"ఆను."

డొక్క వలకి ఆనించాడు. ఆమె ఈల వేసి ముక్క అందించింది. నవనీత్ ఇంకా ఏదో అడగబోతున్నాడు కానీ హైమావతికి అర్థమైపోయింది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఆ రోజు మా పిల్లవాణ్ణి పిలిచానమ్మా నేను. ఇటు రమ్మని."

వరలక్ష్మమ్మ ఏమీ అనకుండా ఉండాల్సింది. ఆ సంగతి తర్వాత చాలాసార్లు అనుకుంది. కానీ అప్పుడు, "అవునమ్మా. నీ మాటకే లేసొచ్చాడు" అనేసింది.

హైమావతి అక్కడి సిమెంటు మెట్టు మీద కూర్చుండిపోయింది. "ఆ కాళ్లతో లేపాను. లేపి, ఊరికే నిలబెట్టి, ఏమీ పెట్టకుండా వెళ్లిపోయాను. మావాడు ఫోటోలు తీశాడు."

"నీకు తెలవదు కదమ్మా."

"తెలీదులెండి" అంది హైమావతి. కళ్లు తుడుచుకోలేదు. వల వైపు చూడనూ లేదు.

ఆ సాయంత్రమే నవనీత్ వీడియో తీసేశాడు. తను పొరబడ్డానని, ఆ సింహాన్ని చూసుకునే ఆవిడ తెలుగావిడని, తన నోటిమాటకి సిగ్గుపడుతున్నానని రాశాడు. అది చదివినవాళ్లు రెండొందల మంది ఉంటారేమో. మొదటి వీడియో అప్పటికే చేతులు మారి ఎక్కడెక్కడో తిరుగుతోంది. దాన్ని ఆపడం అతని తరం కాలేదు.

తర్వాతి నెల కాయా మూడురోజులు ఏమీ తినలేదు. రక్తపరీక్ష చూసి డాక్టర్ క్వెక్ బోను వెనక బెంచీ మీద ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరిదీ ఇరవై ఏళ్ల పరిచయం.

"ఆంటీ, ఇక నొప్పి తప్ప ఏమీ మిగల్లేదు. శుక్రవారం నిద్రపుచ్చుదామనుకుంటున్నాను."

వరలక్ష్మమ్మ తలూపింది. తర్వాత అడిగింది. "దూరం నుంచి గన్నుతో వేస్తారు కదా సూది. అలా చెయ్యలేరా? నేను పిలవకుండా?"

"చెయ్యగలం. ఉలిక్కిపడతాడు. ఆ కాళ్లతో పరిగెత్తబోయి పడతాడు. పడి భయపడుతూ పోతాడు. మీరు పిలిస్తే వస్తాడు, రోజూ వేసే సూదే అనుకుంటాడు." డాక్టర్ ఆమె చెయ్యి మీద చెయ్యి వేసింది. "బలవంతం లేదు. మీరు ఎలా అంటే అలా."

రెండు రోజులు గడిచాయి. చివరికి యర్రయ్యతో అంది. "పద్నాలుగేళ్లు పిలిసినప్పుడల్లా వొచ్చాడు. వొస్తే ముక్క పెడతానని. ఆ మాటతోనే ఎలా పిలిసేది? మోసం కాదా?"

యర్రయ్య హాస్యాలాడలేదు. "నా సంగతి సెప్పమంటే, నాకు ఆ పూట నువ్వే ఉండాల. కొత్తోళ్లెవరూ వొద్దు" అన్నాడు.

శుక్రవారం జూ గేట్లు తెరవకముందు ఆమె సెక్షన్ పెద్దని ఒకటే కోరింది. ముందువైపు తలుపు ఒక్కసారి తియ్యమంది. తీశారు. కాయా లేచి గడప దాకా వెళ్లాడు. సగం ఒళ్లు లోపల, సగం బయట పెట్టుకుని అక్కడే పడుకున్నాడు. బండ దాకా పోయే ఓపిక లేదు. ఎండ మొహాన పడుతుంటే కళ్లు మూసుకున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు. గంట దాటింది. అద్దం అవతల దారి నిర్మానుష్యంగా, తుడిచి ఉంది.

ఎనిమిదిన్నరకి ఆమె వల ముందు పీట మీద కూర్చుంది.

"ఇటు."

చెవి కదిలింది. అంతే.

డాక్టర్ ఆమె వెనక సూది పట్టుకుని నిలబడి ఉంది. వరలక్ష్మమ్మ పీట పక్కకి నెట్టి, వాచిన మోకాళ్లు నేలకానించి, వలకి మొహం దగ్గరగా పెట్టింది. "ఇటు నాయినా" అంది. ఆ రెండో మాట శిక్షణలో లేనిది.

కాయా కళ్లు తెరిచాడు. లేవడానికి ఎంత సమయం తీసుకున్నాడంటే, ఇక వద్దనేద్దామని ఆమెకి నోటిదాకా వచ్చింది. ఈలోగా లేచాడు. ఎనిమిది అడుగుల దూరం. మధ్యలో ఆగాడు. మళ్లీ కదిలాడు. వచ్చి, ఆమె అనకముందే డొక్క వలకి ఆనించాడు.

"ఆను" అంది ఆమె, మాట లేకపోతే బాగుండదని.

డాక్టర్ సూది వేసింది. ఈల వెయ్యాలి. నోట్లో పెట్టుకుంది కానీ గాలి రాలేదు. కాయా ఎదురుచూస్తున్నాడు. రెండోసారికి చిన్నగా కూత వచ్చింది. కోడి కార్జాలు తెచ్చిందంతా ఒక్కొక్కటే అందించింది. ఇన్ని రోజులుగా మూతి తిప్పుకున్నవాడు నాలుగు తిన్నాడు. అయిదోది నాకి వదిలేశాడు.

ఇక 'చాలు' అనాలి. ఆ మాట వింటే తప్ప వాడు పక్కకి పోడు. ఆమె అనలేదు. మందు ఎక్కుతున్నంతసేపూ కాయా వలని ఆనుకునే ఉన్నాడు. ముందు తల వాలింది, తర్వాత వెనకకాళ్లు మడతపడ్డాయి, వల పొడవునా జారుతూ మెల్లగా నేలకి దిగాడు. గాఢంగా నిద్రపట్టాక డాక్టర్ తలుపు తీసి లోపలికి వెళ్లి రెండో సూది వేసింది. గుండెకి స్టెతస్కోపు పెట్టి విని, వరలక్ష్మమ్మ వైపు చూసి తలూపింది.

ఆ తలుపు గుండా ఆమె, వాడు లోపల ఉండగా, ఎన్నడూ అడుగుపెట్టలేదు. పద్దెనిమిదేళ్లలో వల సందులోంచి తోకనీ, అప్పుడప్పుడూ డొక్క మీది వెంట్రుకల్నీ తప్ప తాకి ఎరగదు. వెళ్లి పక్కన కూర్చుని జూలులో చెయ్యి పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది. తీసుకువెళ్లడానికి మనుషులు వచ్చేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.

బోను వేరేవాళ్లు కడుగుతారు, ఇంటికి వెళ్లమన్నారు. ఆమె వినలేదు. గొట్టం పట్టుకుని తనే కడిగింది. నేల, వల, గడప. మాంసం బకెట్టు తోమి బోర్లించింది. మధ్యాహ్నం రెండింటి బస్సుకి బయల్దేరింది. డాక్టర్ స్టాపు దాకా వచ్చి, బస్సు వచ్చేవరకు పక్కనే నిలబడింది.

యర్రయ్య తలుపు తీసి మొహం చూశాడు. ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, బూట్లు తనే విప్పి, మోకాళ్లకి వేడినీళ్ల గుడ్డ వేశాడు. ఆమె అరచెయ్యి తిప్పి చూసుకుంటూ అంది.

"జూలు మెత్తగుంటాదనుకున్నాను, ఇన్నేళ్లూ. మెత్తగా లేదు. కొబ్బరిపీసులాగుంది."

"అలాగా" అన్నాడు యర్రయ్య.

"గరుగ్గా ఉంది" అని, అప్పుడు ఏడ్చింది.

సోమవారం మళ్లీ పనికి వెళ్లింది. చిరుతల వైపు వేశారు. రెండు నెలలు చేసి, మోకాళ్లు సహకరించడం లేదని రాసిచ్చి మానేసింది. పొద్దున్నే మెలకువ వచ్చేది మాత్రం పాత బస్సు వేళకే. లేచి, ఇద్దరికీ కాఫీ కలిపి, యర్రయ్య లేచేదాకా వంటింట్లో నిలబడి ఉండేది.